మధ్యకాలపు పాలకులు – 3: వేమూరు ఎమ్మెల్యే నెల రోజుల కుర్చీ

1954 నవంబరు 6న కర్నూలులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన కథ గత భాగంలో చెప్పుకున్నాం. మద్యనిషేధం మీద రేగిన గొడవలో పుట్టిన అవిశ్వాసం అది. పంతులు గారిని దించినవాళ్లకు కుర్చీ మాత్రం దక్కలేదు. గవర్నరు త్రివేది దగ్గర్నుంచి ప్రతిపక్షానికి పిలుపు రాలేదు. నవంబరు 15న రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. 196 స్థానాల్లో 146 కాంగ్రెసు కూటమివి కాగా కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి గద్దెనెక్కారు. తెనాలి పక్కన మోదుకూరు వాస్తవ్యులు కల్లూరి చంద్రమౌళి గారు ఆ మంత్రివర్గంలో ఉన్నారు. నాలుగున్నర నెలల్లో వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఎప్పటికి తేలుతుందో మాత్రం జనానికి తెలుసు.

ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన సంక్షోభంలో ఆ తెలియడమే లేకుండా పోయింది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కితే జంపని దాటాక వచ్చే స్టేషను వేమూరు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, అప్పట్లో గుంటూరు జిల్లా. నిమ్మకాయల లారీలు, వరి చేలు, కాలవ గట్లు తప్ప పెద్ద హడావుడి లేని ఈ ప్రాంతానికి ముఖ్యమంత్రి యోగం రెండుసార్లు పట్టింది. 1983లో వేమూరు నుంచి శాసనసభకు గెలిచిన నాదెండ్ల భాస్కరరావు ఒకరు. ఇదే వేమూరులో 1933 జూలై 4న పుట్టిన కొణిజేటి రోశయ్య మరొకరు. ఇద్దరూ ఆర్థికమంత్రి కుర్చీలోంచి లేచి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నవాళ్లే. ఇద్దరిలో ఎవరి మొహం చూసీ జనం ముఖ్యమంత్రి పదవికని ఓటు వేయలేదు. ఆపత్కాలం వాళ్లను తెచ్చి అక్కడ కూర్చోబెట్టింది. పోలిక అంతటితో సరి. ఒకరు ఆపదను సృష్టించారన్న పేరు మోశారు, మరొకరు వచ్చిపడిన ఆపదను మోశారు.

భాస్కరరావు తెలుగుదేశానికి పరాయి మనిషి కారు. 1978లో కాంగ్రెసు తరఫున విజయవాడ తూర్పు నుంచి గెలిచి మంత్రి పదవి కూడా చూసిన వకీలు. ఎన్.టి. రామారావు పార్టీ పెట్టిన తొలినాళ్ల నుంచీ పక్కనే ఉన్నారు. 1983 జనవరిలో ఆ పార్టీ 294 స్థానాల సభలో రెండు వందల పైచిలుకు గెలిచినప్పుడు సినిమా మనుషులూ కొత్త పట్టభద్రులూ నిండిన ఆ గుంపులో పరిపాలన తెలిసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అది ఆయనకూ బాగా తెలుసు. ఆ పార్టీ తన ఆలోచనే అని తర్వాత చాలా ఏళ్లు చెబుతూ వచ్చారు.

1984 వేసవిలో రామారావుకు గుండె జబ్బు తిరగబెట్టింది. అమెరికా వెళ్లి బైపాస్ చేయించుకుని ఆగస్టు 14న తిరిగొచ్చారు. ఆయన లేని ఆ రోజుల్లో హైదరాబాదులో తలలు లెక్కపెట్టే పని మొదలైంది. తెలుగుదేశంలో ఒక వర్గం తన వెంట ఉందని, కాంగ్రెసు బయటి నుంచి మద్దతిస్తుందని భాస్కరరావు గవర్నరుకు తెలిపారు. ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు.

ఆ ఉదయం రామారావు అడిగింది రెండు రోజుల గడువు. 18న సభ పెట్టండి, నాకు బలం లేకపోతే దిగిపోతానన్నారు. తన వెంట ఉన్న నూట అరవై మందికి పైగా శాసనసభ్యులను రాజ్‌భవన్‌కు తీసుకెళ్లారు. కళ్లెదుట నిలబడ్డవాళ్లను లెక్కపెట్టడానికి గవర్నరుకు మనసు రాలేదు. రామారావును అక్కడే అరెస్టు చేశారు. భాస్కరరావుకు మాత్రం బలం చూపించుకోవడానికి ముప్పై రోజులిచ్చారు.

ఇక్కడ కూడికలు తీసివేతలు వస్తే చాలు. 294 మంది సభలో సగానికి ఒకటి ఎక్కువంటే 148. కాంగ్రెసుకు 60 మంది ఉన్నారు. చిన్న పార్టీలు, స్వతంత్రులు అటూ ఇటూ అయినా సరే, తెలుగుదేశం నుంచి ఎనభై మందికి పైగా వస్తే తప్ప భాస్కరరావుకు లెక్క సరిపోదు. రామారావు వెనక నూట అరవై మంది నిలబడ్డాక మిగిలేది ఎందరు? పలక మీద వేసినా తేలిపోయే లెక్క ఇది. తేలకుండా ఉండాలంటే రోజులు కావాలి. ముప్పై రోజుల్లో మనుషులు మారొచ్చు. ఫిరాయింపుల నిరోధక చట్టం అప్పటికింకా లేదు, అది 1985 మార్చిలో అమల్లోకి వచ్చింది. పార్టీ మారితే సభ్యత్వం పోతుందన్న భయం లేని రోజులవి.

అందుకే రామారావు వర్గం శాసనసభ్యులను ముందు నాచారంలోని ఆయన సొంత స్టూడియోలో దాచింది, తర్వాత రాష్ట్రం దాటించింది. కర్ణాటకలో జనతా ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఆశ్రయమిచ్చారు. నంది కొండ, మైసూరు హోటళ్లు కొన్ని వారాలు తెలుగు శాసనసభ్యులతో నిండిపోయాయి. ఈనాడు క్యాంపు రాజకీయం అంటే ఎవరికీ ఆశ్చర్యం లేదు గానీ, ఇంత పెద్ద ఎత్తున, ఇన్ని రోజులు సాగిన క్యాంపు తెలుగువాళ్లు చూడటం అదే మొదలు. ఆగస్టు 21న చక్రాల కుర్చీలో కూర్చుని రామారావు ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. కొత్తగా గుండె కోసి కుట్టించుకున్న మనిషి, వెనక శాసనసభ్యుల బారు. ఆ దృశ్యాన్ని చూసిన దేశం ఇక గవర్నరు వాదన వినే స్థితిలో లేదు. ఊళ్లలో బంద్‌లు, రాస్తారోకోలు జరిగాయి, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఈ గొడవలో ఎవరూ అంతగా పట్టించుకోని ఒక కాగితం గురించి చెప్పాలి. 1983 ఫిబ్రవరిలో రామారావు ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. యువతకు ఉద్యోగాలు వస్తాయన్నది ఆయన మాట. ఉన్నపళంగా వేల కుటుంబాల్లో జీతం ఆగిపోయింది. 1984 ఆగస్టు 23న, అంటే భాస్కరరావు గద్దెనెక్కిన వారానికి, ఆ వయసును తిరిగి 58 చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. సభలో ఒక్క ఓటు కూడా తేలని ప్రభుత్వం, ఆరు రోజుల్లో కుర్చీ ఖాళీ చేసిన గవర్నరు, ఖజానా మీద ఏళ్ల తరబడి పడే భారం!

ఉద్యోగుల బలాన్ని తనవైపు తిప్పుకునే ఎత్తు అది అనడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. తమాషా ఏమిటంటే, ఆ నెల రోజుల ప్రభుత్వం చేసిన పనుల్లో ఎక్కువ కాలం నిలిచింది ఇదే. తిరిగొచ్చిన రామారావు దాన్ని వెనక్కి తీసుకోలేదు, 1985లో అది చట్టమైంది. మధ్యలో, అంటే 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ నడుమ ఇంటికి వెళ్లిపోయినవాళ్లు సుప్రీంకోర్టుకెక్కితే 1985లో న్యాయమూర్తి చిన్నపరెడ్డి ధర్మాసనం వాళ్లకూ ఆ లాభం ఇవ్వాలంది. బలం లేని ప్రభుత్వం పెద్ద నిర్ణయాలు చేయకూడదని మనం ఊరికే అంటాం. చేస్తే ఏమవుతుంది? ఒక్కోసారి అది మంచి నిర్ణయమే అవుతుంది, ఎవరూ దాన్ని రద్దు చేయలేరు కూడా. చిక్కంతా అందులోనే ఉంది.

రాజ్యాంగంలో ఈ మధ్యకాలం గురించి ఏముందని వెతికితే ఒక్క ముక్కా కనపడదు. ఆపద్ధర్మ ప్రభుత్వమన్న మాటే అందులో లేదు. గవర్నరుకు ఇష్టమున్నంత కాలం మంత్రులు పదవిలో ఉంటారని 164వ అధికరణం చెబుతుంది, అంతే. లోక్‌సభ రద్దయినా మంత్రివర్గం కొనసాగాలని, అది లేకుండా రాష్ట్రపతి పాలించడానికి వీల్లేదని 1971లో యు.ఎన్.ఆర్. రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉండాలన్నది గానీ ఉండి ఏం చేయవచ్చో చెప్పలేదు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్ పార్లమెంటు ముఖం చూడకుండానే రాజీనామా చేసి, లోక్‌సభ రద్దయ్యాక 1980 జనవరి దాకా ప్రధానిగా ఉండిపోయినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన నీలం సంజీవరెడ్డి గారు. పెద్ద విధాన నిర్ణయాలు ఎత్తుకోవద్దని ఆయన చెప్పి ఉంచారు. అది పెద్దమనిషి మాట, చట్టం కాదు. 1984లో హైదరాబాదు రాజ్‌భవన్‌లో అలాంటి మాట చెప్పే పెద్దమనిషి కరువయ్యారు.

రామ్‌లాల్ రాజీనామా చేశారు. ఆగస్టు 29న శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సభాపతి తంగి సత్యనారాయణ అప్పటికే పదవి వదిలేశారు. సెప్టెంబరు 11న సభ కూడింది గానీ గందరగోళంలో ఓటింగు దాకా రాలేదు. హైదరాబాదు పాతబస్తీలో మతఘర్షణలు మరో పక్క. గడువు ముగిసే నాటికి భాస్కరరావు వద్ద 148 లేవు. సెప్టెంబరు 16న కుర్చీ దిగక తప్పలేదు. అదే రోజు రామారావు మళ్లీ ప్రమాణం చేశారు, 20న సభ విశ్వాసం పొందారు. ఆ నెలంతా భాస్కరరావు పాలించారు అనడం కన్నా మనుషుల కోసం వెతికారు అనడం సబబు.

ఆయన వైపు నుంచి ఒక మాట కూడా చెప్పుకోవాలి. రామారావు ఒంటెత్తు పోకడ మీద పార్టీలో అసంతృప్తి నిజం, అది కల్పించింది కాదు. పదకొండేళ్ల తర్వాత అదే అసంతృప్తి మరో రూపంలో వచ్చి రామారావును నిజంగానే దించేసింది. 1995 ఆగస్టులో ఆయన సభను రద్దు చేయమని సిఫారసు చేస్తే గవర్నరు కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. ఎందుకంటే ఈసారి లెక్క నిజంగా అటువైపు, చంద్రబాబు నాయుడి వైపు ఉంది. 1984లో గవర్నరు తలలు లెక్కపెట్టలేదు, 1995లో లెక్కపెట్టారు. ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఎన్నికలకు వెళ్లే అవకాశం రామారావుకు రెండోసారి దొరకలేదు.

మొదటిసారి మాత్రం దొరికింది. 1984 నవంబరు 22న, బలం రుజువై రెండు నెలలు దాటాక, ఆయన తానుగా సభను రద్దు చేయించుకున్నారు. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది, దేశమంతా రాజీవ్ వైపు ఒరిగి ఉంది. అలాంటి వేళ చేతిలో ఉన్న సభను వదులుకోవడం తెగింపు. కొనుక్కోగలిగిన సభ్యులతో ఇంకో మూడేళ్లు వేగడం కన్నా కొత్తగా గెలవడమే మేలని ఆయన లెక్క వేసుకున్నారని నా ఊహ. డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశంలో కాంగ్రెసు నాలుగు వందలు దాటితే ఇక్కడ 42లో 30 స్థానాలు తెలుగుదేశానివి. బాపట్లలో చీమట సాంబు గెలిచారు. తెనాలిలో గెలిచినవారి కథ ఇంకా చిత్రంగా ఉంటుంది.

ఆయన నిశ్శంకరరావు వెంకటరత్నం, గుంటూరు నాయకుడు. రామారావు తిరిగొచ్చాక సెప్టెంబరులో శాసనసభ సభాపతి అయ్యారు. సభ రద్దయితే ముఖ్యమంత్రికి ఎమ్మెల్యేగిరీ పోతుంది, మంత్రులకూ పోతుంది. సభాపతి పదవి మాత్రం పోదు. కొత్త సభ మొదటిసారి కూడేదాకా ఆయన సభాపతే అని 179వ అధికరణం చెబుతుంది. ఆపద్ధర్మం అన్న మాట ఎరగని రాజ్యాంగంలో మధ్యకాలం కోసం రాసిపెట్టిన కొద్ది వాక్యాల్లో అదొకటి. అలా సభ లేని సభాపతిగా ఉండగానే వెంకటరత్నం తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. 1985 జనవరిలో ఆ కుర్చీ వదిలి ఢిల్లీ వెళ్లారు.

మార్చి 5న శాసనసభ పోలింగు. తెలుగుదేశానికి 202, కాంగ్రెసుకు 50. మార్చి 9న రామారావు రెండేళ్లలో మూడోసారి ప్రమాణం చేశారు. పక్క రాష్ట్రంలో, ఆయన మనుషులకు తిండీ నీడా ఇచ్చిన హెగ్డే కూడా లోక్‌సభ ఎన్నికల్లో దెబ్బతిని రాజీనామా చేసి, ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా ఉంటూ అదే మార్చిలో ఎన్నికలకు వెళ్లి గెలిచారు.

సరిగ్గా ఇవే నెలల్లో బాపట్ల మనిషి ఒకరు వెయ్యి మైళ్ల అవతల మంచుకొండల్లో ఒక రాష్ట్రాన్ని ఒంటిచేత్తో నడుపుతున్నారు. కోన ప్రభాకరరావు గారు. యువకుడిగా సినిమాల్లో వేషం వేసి, 1967, 1972, 1978ల్లో వరసగా బాపట్ల నుంచి గెలిచి, 1981లో సభాపతిగా చేసినవారు. 1984 జూన్‌లో ఆయన్ను సిక్కిం గవర్నరుగా పంపారు. ఆయన వెళ్లేసరికే అక్కడ ఇల్లు తగలబడి ఉంది. మే నెలలో అప్పటి గవర్నరు తల్యార్‌ఖాన్ ముఖ్యమంత్రి నర్‌బహదూర్ భండారీని బర్తరఫ్ చేశారు. ఆయన స్థానంలో వచ్చిన బి.బి. గురుంగ్ ప్రభుత్వం పదమూడు రోజుల్లో కూలింది. మే 25 నుంచి రాష్ట్రపతి పాలన. అంటే వేమూరు ఎమ్మెల్యే హైదరాబాదులో 148 మంది కోసం వెతుకుతున్న ఆగస్టులో, గాంగ్‌టక్‌లో బాపట్ల మాజీ ఎమ్మెల్యే శాసనసభ ఊసే లేకుండా పాలిస్తున్నారు. 1985 మార్చిలో సిక్కింలో ఎన్నికలు జరిగాయి. బర్తరఫ్ అయిన భండారీ పార్టీ 32లో 30 గెలిచింది. రెండు రాజ్‌భవన్లు చేసిన ఒకే రకం పనికి రెండు రాష్ట్రాల జనం ఒకే నెలలో ఒకే జవాబు చెప్పారు. కోన వారు ఆ భారం దించుకుని మే నెలాఖరుకు మహారాష్ట్ర గవర్నరుగా వెళ్లారు.

ఆపద్ధర్మంలో ఉండి ఎన్నికలకు వెళితే గెలుపు రాసిపెట్టి ఉంటుందని ఇదంతా చూసి ఎవరైనా అనుకోవచ్చు. 2003లో చంద్రబాబు నాయుడు అలాగే అనుకున్నట్టున్నారు. అక్టోబరు 1న అలిపిరిలో ఆయన కాన్వాయ్ మీద పేలుడు జరిగింది, నవంబరు 14న సభ రద్దయింది. వెంటనే ఎన్నికలు వస్తాయన్నది లెక్క. ఎన్నికల సంఘం తొందరపడలేదు. 2004 మే దాకా ఆరు నెలలు ఆపద్ధర్మ ముఖ్యమంత్రిగా కూర్చోవాల్సి వచ్చింది. తెలుగుదేశానికి మిగిలినవి 47. గడువు తన చేతిలో ఉందనుకున్నవాడికి అది ఇంకొకరి చేతిలో ఉందని తెలిసేసరికి సానుభూతి చల్లారిపోయింది.

గడువును కాగితం మీద రాసిపెట్టుకుంటే సరిపోతుందా? బంగ్లాదేశ్ ఆ పని చేసి చూసింది. 1996లో రాజ్యాంగాన్ని సవరించి ఎన్నికల ముందు 90 రోజులు పార్టీలతో సంబంధం లేని ఆపద్ధర్మ ప్రభుత్వం ఉండాలని రాసుకున్నారు. రెండు ఎన్నికలు బాగానే నడిచాయి. 2007లో సైన్యం అండతో వచ్చిన ఫక్రుద్దీన్ అహ్మద్ ప్రభుత్వం 90 రోజులని వచ్చి దాదాపు రెండేళ్లు ఉండిపోయింది. 2011లో ఆ ఏర్పాటునే రద్దు చేశారు. దాని పర్యవసానం 2024 దాకా ఆ దేశాన్ని వదల్లేదు.

మన దగ్గర రాత మెల్లగా కోర్టుల నుంచి వచ్చింది. బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. రామారావు 1984లో అడిగింది అదే. ఆపద్ధర్మ ప్రభుత్వం రోజువారీ పాలనకే పరిమితం కావాలన్న మాట కూడా ఆ తీర్పులో ఉంది. దాన్నే పట్టుకుని 2018లో ఎన్నికల సంఘం, సభ ముందుగా రద్దయితే ఆ రోజు నుంచే ప్రవర్తనా నియమావళి వర్తిస్తుందని చెప్పింది. సెప్టెంబరు 6న తెలంగాణ సభను కె. చంద్రశేఖరరావు రద్దు చేయించిన సందర్భం అది. 1984 ఆగస్టు 23 ఆర్డినెన్సు లాంటిది మాత్రం ఈ నియమానికి అందదు, అప్పుడు సభ రద్దు కాలేదు.

ఇక వేమూరు రెండో మనిషి. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కనపడకుండా పోయింది. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయి. ఆ రోజే గవర్నరు ఎన్.డి. తివారీ రోశయ్య చేత ప్రమాణం చేయించారు. నెహ్రూ పోయినప్పుడూ, శాస్త్రి పోయినప్పుడూ గుల్జారీలాల్ నందా పదమూడేసి రోజులు ప్రధానిగా ఉండి లేచిపోయారు. రోశయ్య కూడా అలాంటి తాత్కాలిక ఏర్పాటే అని అందరూ అనుకున్నారు. శాసనసభ్యుల సంతకాలు అప్పటికే రాజశేఖరరెడ్డి కుమారుడు జగన్ కోసం సేకరిస్తున్నారు. ఈయన శాసనమండలి సభ్యులు, వెనక వర్గం లేదు, ఊళ్లేలిన కులబలం లేదు. ఉన్నదల్లా పదిహేను బడ్జెట్లకు తక్కువ కాకుండా పెట్టిన అనుభవం, సభలో ఎవరినైనా నవ్వుతూ కూర్చోబెట్టే మాట. అలా కూర్చున్న మనిషి 2010 నవంబరు 24 దాకా, పద్నాలుగు నెలలకు పైగా ఉన్నారు. తెలంగాణ ప్రకటన వెలువడిన 2009 డిసెంబరు 9 రాత్రి ముఖ్యమంత్రి ఆయనే. పేరుకు ఆపద్ధర్మం కాదు, అన్ని అధికారాలూ ఉన్న ప్రభుత్వం. కానీ రేపు ఉంటామో ఉండమో తెలియని ప్రభుత్వం మాట అధికారులు ఎలా వింటారో ఆ పద్నాలుగు నెలల్లో సచివాలయంలో పనిచేసినవాళ్లకు బాగా తెలుసు. 1984లో భాస్కరరావుకు కాగితం మీద గడువు ఉంది, బలం లేదు. రోశయ్యకు పార్టీ బలం ఉంది, గడువు ఢిల్లీ చేతిలో ఉంది. ఆయన దిగేటప్పుడు ఒక్క పరుషమైన మాట అనలేదు. తర్వాత తమిళనాడు గవర్నరుగా వెళ్లారు. ఇతరుల మంత్రివర్గాల చేత ప్రమాణం చేయించే పని ఆయనకు బాగా నప్పిందని నాకనిపిస్తుంది.

రోశయ్య తర్వాత ముఖ్యమంత్రి అయిన కిరణ్‌కుమార్ రెడ్డి 2014 ఫిబ్రవరి 19న రాజీనామా చేశారు. ముందు రోజే లోక్‌సభ విభజన బిల్లును ఆమోదించింది. ప్రత్యామ్నాయం దొరికేదాకా ఉండమన్నారు గవర్నరు నరసింహన్. ఆ ఏర్పాటు పది రోజుల ముచ్చటే అయింది. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చింది, నలభై ఏళ్ల కిందట జై ఆంధ్ర రోజుల్లో వచ్చిన తర్వాత అదే. అప్పుడు సభాపతి కుర్చీలో ఉన్నది తెనాలి శాసనసభ్యుడు నాదెండ్ల మనోహర్, భాస్కరరావు గారి కుమారుడు. జనవరి 30న ఆ బిల్లును తిరస్కరిస్తూ తెచ్చిన తీర్మానాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించినట్టు ప్రకటించింది ఆయనే. తలలు లెక్కపెట్టే ఓటింగు ఆ రోజూ జరగలేదు.

సుప్తచేతనలో పెట్టిన ఆ సభ, జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలకూ ఒక్కడే అయిన గవర్నరు, ఫైళ్లు పంచుకుంటున్న సచివాలయం – ఆ మూడు నెలల కథ వచ్చే భాగంలో.